పైనుంచి చూసిన చేప

చిలకలగూడ, సికింద్రాబాద్
ఏప్రిల్ 9

ప్రియమైన ఇల్మా,

ఫోన్ చేస్తే నీ గొంతు రెండు మాటలకోసారి తెగిపోతోంది. మొన్న నువ్వు "మేక" అన్నావో "రేక" అన్నావో ఇప్పటికీ అర్థం కాలేదు. అందుకే కాగితం తీశాను. డిగ్రీలో జువాలజీ రికార్డులు ఒకరివొకరం రాసుకున్నవాళ్ళం, ఉత్తరాలు రాసుకోలేమా?

నాకొక పని పడింది. అది నీవల్లే అవుతుంది.

మనకు చేపల పాఠం చెప్పిన రఘునాథ్ సార్ గుర్తున్నారు కదా? రిటైరయ్యాక హిమాలయాల్లో బాగా ఎత్తున ఉండే నదులు, సరస్సుల చేపల మీద పుస్తకం రాస్తున్నారు. బొమ్మలు వేసే పని నాకిచ్చారు. ఇన్నేళ్ళూ స్కూలు పుస్తకాలకు కప్పలూ బొద్దింకలూ గీసిన చేతికి ఇది పండగే. మా అన్నం బల్ల నిండా ఇప్పుడు చేపల సీసాలే. అమ్మ రోజూ ఒకసారి ముక్కు మూసుకుని అడుగుతుంది: "గీ సచ్చిన చేపల ముంగట కూసొని నేనెట్ల తినాలె?"

చిక్కల్లా ఏమిటంటే, సీసాలో పడ్డ చేప ముందు రంగు పోగొట్టుకుంటుంది. అన్నీ ఉడికిన శనగపప్పు రంగులోనే ఉన్నాయి. ఆకారం మాత్రం మిగిలింది, అది చూస్తేనే ఆశ్చర్యం. మంచు ట్రౌట్ అని ఒకటుంది. పేరుకే ట్రౌట్, నిజానికి మన రవ్వ, బొచ్చె చేపలకు చుట్టమట. ఒంటి మీది పొలుసులు ఎంత చిన్నవంటే భూతద్దం లేకపోతే తోలే అనుకుంటాం. పొట్ట కింద తోక వైపు మాత్రం రెండు వరసల్లో పెద్ద పొలుసులు, పెంకుటింటి కప్పులాగా. చల్లటి నీళ్ళలో ఇవి ఎంతో నిదానంగా పెరుగుతాయట. ఒక్కో చేప మన పరిచయమంత వయసుది కావచ్చని సార్ అన్నారు.

నన్ను సతాయించేది మాత్రం అన్నిటికంటే చిన్నది. వేలెడంత ఉంటుంది, ఒంటి మీద పొలుసు అన్నదే లేదు. జెల్ల చేపకున్నట్టు మీసాలు, లెక్కపెడితే ఆరు. సీసా మీద ఎవరో పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు చదివి కుర్చీలోంచి లేచాను. "చుమిక్ యోగ్మా, వేడి ఊట దగ్గర." నువ్వుండే ఊరు!

బతికున్నప్పుడు దాని రంగేమిటి? వెళ్ళి చూసి చెప్పవే.

నీ
సుకన్య


చుమిక్ యోగ్మా, లద్దాఖ్
మే 3

సుక్కూ,

నేనన్నది మేకా కాదు, రేకా కాదు. కేకు. పక్కింటి పాప పుట్టినరోజుకు జొన్నపిండిలాంటి ఏదో పిండితో కేకు చేశాను. ఎవరూ తినలేదు.

నీ ఉత్తరం లేహ్ నుంచి వారానికోసారి వచ్చే జీపులో ఉల్లిగడ్డల సంచి మీద కూర్చుని వచ్చింది. రెండుసార్లు చదివాను, తర్వాత సిగ్గుపడ్డాను. రెండేళ్ళుగా ఇక్కడ పష్మీనా మేకలకు డాక్టర్‌నన్న పేరు పెట్టుకుని తిరుగుతున్నాను. చెవి చూసి ఏ మేక ఏ ఇంటిదో చెప్పగలను. రోజూ దాటే వాగులో చేపలున్నాయన్న సంగతి మాత్రం నీ సీసా చెబితేగానీ తెలీలేదు.

నేనుండే ఇంటి పెద్దావిడ పేరు దోల్కర్. ఇక్కడ అవ్వను "అబీ" అంటారు. ఆమెతో నాకు సగం హిందీలో, సగం చేతులతో సంభాషణ. చేపలున్నాయా అని అడిగితే, ఉన్నాయో లేవో తెలియకుండానే ఇన్నాళ్ళూ వాటి మీంచి నడిచావా అన్నట్టు చూసింది. మర్నాడు పొద్దున్నే తనతో తీసుకెళ్ళింది.

ఇక్కడి వాగు సంగతి నీకు చెప్పాలి. మధ్యాహ్నం ఎండకు పైన మంచు కరిగి పొంగుతుంది. తెల్లారేసరికి చలికి తగ్గిపోతుంది. నీళ్ళు వెనక్కి పోయినప్పుడు చేపలు ఒడ్డు గుంటల్లో చిక్కుకుంటాయి. ఊరివాళ్ళు పొద్దున్నే రాగి చెంబులు తీసుకుపోయి, నీళ్ళతో సహా వాటిని ముంచి, మళ్ళీ వాగులో వదులుతారు. ఎవరూ తినరు. చేత్తో తాకను కూడా తాకరు. ఒక మేక చస్తే ఊరంతా తింటుంది, ఒక చేప చస్తే ఒకడి ఆకలి కూడా తీరదు, మరి ప్రాణం రెండింటికీ ఒకటే కదా అని వాళ్ళ లెక్క.

"అబీ, ఒక్కటి బయటికి తీసి చూడనా? మా స్నేహితురాలు బొమ్మ వేస్తుంది" అన్నాను.

"అది అరవలేదని తీస్తావా?" అంది.

అంతే, తీయనని మాటిచ్చాను. కాబట్టి నేను చూసేదంతా ఒడ్డు మీంచే. మొదటిరోజు రాళ్ళే కనిపించాయి. చాలాసేపటికి ఒక రాయి కదిలింది. నేను "అదిగో" అనేలోపు మళ్ళీ రాయైపోయింది. ఫోన్‌తో ఫొటో తీస్తే ఆకాశం వచ్చింది, మబ్బుల్తో సహా. చలికి ఫోన్ కూడా ఆగిపోయింది.

ఎలా చూడాలో చెప్పు. మేకలైతే నా చేతిలో పని. ఇది నీ విద్య.

ఇల్మా


చిలకలగూడ
జూన్ 10

ఇల్మా,

మృగశిర వచ్చింది. ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందు లేదు. అయినా వెళ్ళాను, కొనడానికి కాదు, చూడ్డానికి. తొట్లలో కొర్రమీన్లు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతుంటే ఒక మూల నిలబడి బొమ్మలు గీసుకున్నాను. అమ్మే ఆమె విసుక్కుంది: "కొంటవా, లేకుంటె ఫొటువ దీస్తవా? గిరాకీకి అడ్డం రాకు తల్లీ."

ఇప్పుడు పాఠం విను. నీ నీడ నీళ్ళ మీద పడకూడదు. నిలబడకు, కూర్చో. రాళ్ళను చూడకు, రాళ్ళ మధ్య ఇసుకను చూడు. ఇసుక మీద ఒక నీడ కదిలిందంటే దానికి కాస్త పైన చేప ఉన్నట్టే. నీడ దొరికాక దాని యజమానిని వెతుక్కో.

ఇంకొకటి. "గోధుమరంగు", "బూడిదరంగు" అని రాయొద్దు. నా గోధుమ వేరు, నీ గోధుమ వేరు. మనిద్దరం కలిసి చూసిన వస్తువేదైనా చెప్పు. అప్పుడు సరిగ్గా ఆ రంగే కలుపుతాను.

మొన్న లాలాగూడ వెళ్ళి మీ అమ్మీని చూసొచ్చాను. మెట్ల మీద కాసేపు కూర్చుని మాట్లాడుకున్నాం, పైకి వెళ్ళకుండానే. మీ అమ్మీ, అదే నా పీరాంబీ అత్తమ్మ, ఏమందో ఆమె మాటల్లోనే రాస్తున్నా: "గా మేకలకు గాడ డాక్టర్లే దొర్కలేదా? నా బిడ్డే దొర్కిందా? జెర చెప్పు బేటీ, స్వెటర్ ఇప్పొద్దని." ఈ ఉత్తరంతో పాటు ఆమె ఇచ్చిన ఖర్జూరాల పొట్లం వస్తోంది. అబీకి కూడా పెట్టు.

సార్‌కు ఆ చిన్న చేప మీద ఒక ప్రశ్న ఉంది. మిగతా చేపలన్నీ చలి నీళ్ళవి, ఇది మాత్రం వేడి ఊట దగ్గర దొరికింది. అక్కడే ఉంటుందా, అప్పుడప్పుడు వెళుతుందా? నాకూ తెలుసుకోవాలని ఉంది. తెలుసుకున్నా బొమ్మలో అది కనిపించదు, అయినా.

సుకన్య


చుమిక్ యోగ్మా
జులై 16

సుక్కూ, కనిపించింది!

కూర్చున్నాను. ఇసుకనే చూశాను. నీడ దొరికింది. నీడకు పైన అది ఉంది. ఊపిరి బిగబట్టి ఎంతసేపు చూశానో నాకే తెలీదు. మంద తోలుకుపోతున్న వాళ్ళు నేను నమాజు చేసుకుంటున్నాననుకుని చుట్టూ తిరిగి వెళ్ళారట.

రాసుకో. వీపు రంగు ఇరానీ చాయ్‌ది. ఇప్పుడే పోసింది కాదు, సాసర్‌లో వదిలేస్తే అంచుల్లో ఆరిపోయిన చాయ్. దాని మీద మచ్చలు, మన కాలేజీ రోడ్డులో మొదటి వాన పడ్డప్పుడు దుమ్ము మీద చినుకులు ఎలా పడతాయో అలా, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, వరస లేదు. పక్కలకు వస్తుంటే ఉస్మానియా బిస్కెట్ అంచు రంగు. రెక్కలు దాదాపు లేనట్టే, పాలిథిన్ సంచి తడిసినట్టు. తోక దగ్గర మాత్రం లాలాగూడ వర్క్‌షాప్ గోడ ఇటుక గుర్తుందా, సరిగ్గా ఆ ఎరుపు, కాస్త. మీసాలు ఇసుకను తడుముతూనే ఉంటాయి, మా అమ్మీ కళ్ళజోడు వెతుక్కుంటున్నట్టు.

పెద్ద చేప, నీ మంచు ట్రౌట్‌లాంటిది, లోతులో కనిపించింది. అది దొరసానిలా ఎదురు నీళ్ళలో కదలకుండా నిలబడుతుంది. మన చిన్నది నేలను పట్టుకుని పాకుతుంది.

సార్ ప్రశ్నకు జవాబు అబీ దగ్గర దొరికింది. ఊరికి పైన ఒక ఊట ఉంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది. అక్కణ్ణుంచి సన్నటి కాలువ దిగి వాగులో కలుస్తుంది. మధ్యలో ఒక మడుగు. వాగు గడ్డకట్టే ముందు ఈ చిన్న చేపలన్నీ కాలువ వెంట ఎక్కి ఆ మడుగుకు చేరతాయట. మంచు విరిగాక దిగుతాయి. "చలికాలం ఆ మడుగులో రాళ్ళకంటే అవే ఎక్కువ" అంది అబీ. చుట్టూ రాయి పగిలే చలి, మధ్యలో కొద్దిపాటి వెచ్చటి నీళ్ళు, అందులో ఊరి చేపలన్నీ! ఇది నువ్వు కళ్ళారా చూడాలి.

అందుకే చెబుతున్నా, సెప్టెంబర్‌లో రా. సికింద్రాబాద్‌లో రైలెక్కు, ఢిల్లీలో విమానం. లేహ్‌లో నేనుంటాను. అబీ పక్క గదిలో నీకు పరుపు కూడా వేసేసింది. కాదనకు.

ఇల్మా


చిలకలగూడ
ఆగస్టు 12

ఇల్మా,

చాయ్ సాసర్‌లో పోసి ఎండలో పెట్టాను. ఆరే వరకూ కూర్చుని, అంచు రంగు చూసి కలిపాను. నువ్వు చెప్పిన రంగు ఎంత సరిగ్గా ఉందంటే, మొదటి పూత వేయగానే బల్ల మీది సీసా చేప పక్కన ఇది బతికినట్టయింది. దాని అచ్చు కాపీ ఒకటి గొట్టంలో పెట్టి రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. సార్ చూసి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. ఆయన మెచ్చుకోవడం అంతవరకే.

రావడం సంగతి... అమ్మ మోకాలు నొప్పి ఎక్కువైంది. సార్ కూడా తొందరపెడుతున్నారు. తర్వాత చూద్దాం.

వాన బాగా పడుతోంది. నువ్వు ఊట దగ్గరికి మళ్ళీ వెళ్ళావా? మడుగు అడుగున ఏముంది, ఇసుకా, గులకరాళ్ళా, నాచా? చేప ఏం తింటుంది?

సుకన్య


చుమిక్ యోగ్మా
సెప్టెంబర్ 20

సుకన్యా,

నీ బొమ్మ వచ్చింది. ముందు దాని కథ చెబుతాను, తర్వాత ఒకటి అడుగుతాను.

అబీ మనవడు రింగ్‌జిన్ మంచివాడు, కష్టపడే మనిషి. లేహ్ హోటళ్ళలో పనిచేసి విసిగి ఊరికి వచ్చాడు. వేడి ఊట దగ్గర స్నానాల తొట్లు కట్టి చలికాలంలో యాత్రికులను రప్పించాలని అతని ఆలోచన. ఊట నోటి దగ్గరే గొట్టం పెట్టి నీళ్ళన్నీ తొట్లలోకి మళ్ళిస్తారు. అంటే కాలువ ఉండదు. కాలువ లేకపోతే మడుగు లేదు. మడుగు లేకపోతే చలికాలం ఆ చేపలు ఎక్కడికి పోతాయి?

ఊరి పెద్దను "గోబా" అంటారు. ఆయన ఇంట్లో అందరూ కూర్చున్నారు. రింగ్‌జిన్ ముందు మాట్లాడాడు. "ఆరు నెలలు మంచు, మేకలు, మళ్ళీ మంచు. తొట్లు కడితే మా వయసు వాళ్ళు ఊళ్ళోనే ఉంటారు. నేను మళ్ళీ ఇంకొకళ్ళ గిన్నెలు కడగాలా?" అతను చెప్పింది అబద్ధం కాదు సుకన్యా. నేను లేచి నీ బొమ్మ విప్పాను. "ఆ నీళ్ళు వీటివి కూడా" అన్నాను.

బొమ్మ చేతులు మారింది. అబీ దగ్గరికి వచ్చేసరికి ఆమె దాన్ని తిప్పింది, మళ్ళీ తిప్పింది. "ఇది మన చేప కాదు" అంది.

"అదే అబీ. రోజూ చెంబుతో ముంచే చేపే."

"మన చేపకు రెండు కళ్ళు. దీనికి ఒకటే ఉంది."

అందరూ నవ్వారు. గోబా కూడా నవ్వాడు. ఇది మైదానాల చేప అని ఒకరు, డాక్టరమ్మ వాళ్ళ ఊరి చేప అని ఇంకొకరు. నేను ఎంత చెప్పినా ఆ నవ్వు కింద పోయింది. ఊళ్ళో లేని చేప కోసం తొట్లు ఆపుతానంటున్నానన్న పేరు మిగిలింది. వచ్చే పౌర్ణమి తర్వాత తేలుస్తామని గోబా లేచాడు.

వాగు దాకా నడిచాక నాకు తట్టింది. నీళ్ళలోంచి ఎప్పుడూ తీయని వాళ్ళు చేపను పక్క నుంచి ఎలా చూస్తారు? వాళ్ళకు తెలిసింది వీపు. రెండు కళ్ళు, రెండు వైపులా మీసాలు, ఆడే తోక. పుస్తకాల్లో చేప ఎప్పుడూ పక్కకు పడుకుని ఉంటుంది, పళ్ళెంలో పెట్టినట్టు. అలా పడుకున్న చేప వీళ్ళకు తెలీదు.

పైనుంచి చూసినట్టు గీసి పంపు. పౌర్ణమి లోపల రావాలి.

ఇప్పుడు అడగాల్సింది. అబీ వేసిన పరుపు తీసేసింది. అమ్మ మోకాలంటావు, సార్ తొందరంటావు. నీకు ఇక్కడికి రావాలని లేకపోతే ఆ మాటే చెప్పు. కల్లబొల్లి కబుర్లు మనిద్దరి మధ్య ఎప్పుడూ లేవు.

ఇల్మా


చిలకలగూడ
సెప్టెంబర్ 29

ఇల్మా,

బొమ్మ ఇందులోనే ఉంది. స్పీడ్ పోస్ట్. వీపు, రెండు కళ్ళు, ఆరు మీసాలు, వంకర తిరిగిన తోక, దాని కింద ఇసుక మీద నీడ. నీళ్ళు గీయలేదు. నీడ ఉంటే నీళ్ళున్నట్టే.

దీన్ని గీస్తుంటే నవ్వొచ్చింది. నేను ఇన్నేళ్ళుగా గీసిన చేపలన్నీ చచ్చినవే, అందుకే అన్నీ పక్కకు పడుకున్నాయి! నాకది తోచనే లేదు. పైనుంచి గీయడానికి సీసా పనికిరాలేదు, సీసాలో వీపు ముడతపడింది. నీ జులై ఉత్తరం గోడకు అతికించి, వాక్యం వాక్యం చదువుతూ గీశాను. తొట్లోని కొర్రమీన్ల బొమ్మలు కూడా పనికొచ్చాయి, వీపు ఎలా వంగుతుందో వాటి నుంచి తీసుకున్నాను.

ఇక నువ్వు అడిగింది.

నాకు రావాలని ఉంది. నీ జులై ఉత్తరం చేతికొచ్చిన మర్నాడే డాక్టర్ దగ్గరికి పోయాను. మీ ఊరి ఎత్తు ఎంత అని అడిగాడు. చెప్పాను. ఎక్స్‌రే దీపం మీద పెట్టి చాలాసేపు చూసి, "అమ్మా, మీరు స్టేషన్ వంతెన ఎక్కగలుగుతున్నారా?" అన్నాడు. ఎక్కలేను ఇల్మా. మధ్యలో రెండుసార్లు ఆగుతాను. మీ అమ్మీతో మెట్ల మీద కూర్చున్నది కబుర్ల కోసం కాదు, పైకి పోలేక. కరోనా తగ్గిపోయిందని నీకు చెప్పాను, తగ్గింది నిజమే, కానీ ఊపిరితిత్తుల మీద మచ్చలు మిగిల్చి పోయింది. మీ ఊరి గాలి నాకు సరిపోదట. ఈ సంవత్సరమే కాదు, ఎప్పటికీ.

చిన్నప్పటి ఉబ్బసం నీకు తెలుసు. మృగశిర నాడు నాన్న నన్ను భుజాన ఎక్కించుకుని నాంపల్లి తీసుకుపోయేవాడు. లైనులో నిలబడి బతికున్న కొర్రమీను పిల్లను మందుతో సహా మింగేదాన్ని. గొంతు దిగేటప్పుడు అది తోక ఆడించడం తెలిసేది. ఏడవకుండా, లోపలికెళ్ళాక అది ఎటు పోతుందా అని ఆలోచించేదాన్ని. చేపల పిచ్చి నాకు అక్కడే మొదలైందేమో.

నీకెందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు మారిపోతావని. ఊట దగ్గరికి పోయినా నాకు బాధ కలుగుతుందని సగమే రాస్తావు. నాకు సగం వద్దు. జాలిపడితే నీ ఇష్టం, కానీ ఉత్తరం పొడుగు మాత్రం తగ్గకూడదు.

అబీని పరుపు దాచిపెట్టమను. వేరే ఎవరైనా వస్తారు.

సుకన్య


చుమిక్ యోగ్మా
నవంబర్ 6

సుక్కూ,

నీ ఉత్తరం చదివి వాగు దగ్గరికి పోయి ఏడ్చాను. ఒకసారే. తర్వాత నువ్వు చెప్పినట్టే పొడుగు ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

గోబా ఇంట్లో మళ్ళీ అందరూ చేరారు. ఈసారి నేనేమీ మాట్లాడలేదు. బొమ్మను గోడకు కట్టలేదు. నేల మీద పరిచి, పక్కకు తప్పుకున్నాను. లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరూ దాన్ని పైనుంచే చూశారు, వాగును చూసినట్టు. గోబా భార్య టీ తెస్తూ తొక్కబోయి, గభాలున కాలు వెనక్కి తీసుకుంది. కాలు ఎందుకు తీసిందో ఆమెకే అర్థమై నవ్వింది.

అబీ మోకాళ్ళ మీద కూర్చుని చూసింది. "ఇది ఎక్కడిదో నాకు తెలుసు. పెద్ద బండ పక్కది" అంది. నీకు దండం సుక్కూ! పెద్ద బండ గురించి నేను నీకు ఒక్క ముక్క రాయలేదు.

రింగ్‌జిన్ చాలాసేపు నిలబడి చూశాడు. చిన్నప్పుడు అబీతో చెంబు పట్టుకుని పోయేవాడట. అయినా వెంటనే ఒప్పుకోలేదు. "చేపలు బతకాలి సరే, మరి నేను?" అన్నాడు. ఆ ప్రశ్నకు ఊరంతా తలా ఒక మాట వేసింది. వాళ్ళ భాషలో అరుచుకున్నారు, నాకు సగం తెలీలేదు. చివరికి తేలింది ఇది. తొట్లు ఊట దగ్గర కాదు, మడుగు కింద కడతారు. నీళ్ళు ముందు మడుగులోకి వచ్చి, చేపల దగ్గర ఆగి, తర్వాత మనుషుల దగ్గరికి పోతాయి. కాస్త చల్లారతాయి. రింగ్‌జిన్‌కు అదే బాధ. రెండు తొట్లకే సరిపోతాయి, నాలుగు అనుకున్నాడు. ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నాడు.

నేనూ ఒకటి దాచాను. మొదటి సమావేశం తర్వాత కొన్ని ఇళ్ళవాళ్ళు నా దగ్గరికి మేకలను తేవడం మానేశారు. చేపల డాక్టరమ్మ అని వెనకాల పిలిచేవాళ్ళు. నన్ను ఇక్కడి నుంచి పంపేస్తారేమోనని భయపడ్డాను. అప్పుడే నీ మీద విసుక్కుని ఆ ఉత్తరం రాశాను. ఇప్పుడు మందలు మళ్ళీ వస్తున్నాయి, నెమ్మదిగా.

నువ్వు రాలేవని అబీకి చెప్పాను. ఇక్కడి గాలి నీ ఊపిరికి చాలదని. ఆమె బాధపడుతుందనుకున్నాను. "చలికాలం చేప వాగులో ఉంటుందా? దానికి ఏ నీళ్ళు సరిపోతే అక్కడుంటుంది. దానికి సిగ్గేముంది?" అంది. తర్వాత నా టీకా మందు ఖాళీ సీసా ఒకటి కడిగి, మడుగు నీళ్ళు పట్టి, మూత బిగించి నాకిచ్చింది. "ఆమె రాకపోతే ఇవే ఆమె దగ్గరికి పోతాయి" అని.

ఇక్కడి క్యాంపులో హరికిషన్ అని మన బొల్లారం జవాను ఉన్నాడు. సెలవు మీద వస్తున్నాడు. సీసా అతనికిచ్చాను. వాగు అంచులు అప్పుడే గడ్డకడుతున్నాయి. నిన్న కాలువలో చేపలు పైకి ఎక్కుతుంటే చూశాను. నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు. వీపులు పైకి తేలి, గులకరాళ్ళ మధ్య మెలికలు తిరుగుతూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ. రైలు దిగిన జనంలా. ఆ వెచ్చదనం అటు ఉందని వాటికి ఎవరు చెప్పారో!

ఇల్మా


చిలకలగూడ
డిసెంబర్ 2

ఇల్మా,

హరికిషన్ వచ్చాడు. సీసా ఇచ్చి, చాయ్ తాగి, అన్నం బల్ల మీది చేపలను చూసి భయపడి వెళ్ళిపోయాడు.

ఆ నీళ్ళతో ఏం చేయాలా అని నేను ఒక రోజంతా ఆలోచించాను. రంగులో కలపనా, అలాగే దాచనా, సార్‌కు చూపించనా? ఆలోచన తెగక బల్ల మీదే వదిలేసి మార్కెట్‌కు పోయాను. తిరిగొచ్చేసరికి సీసా సగం ఖాళీ. అమ్మ ఎదురుగా కూర్చుని ఉంది.

"హిమాలయాల కెళ్ళి అచ్చినయన్నవు గద. తీర్థమనుకున్న. కండ్లకద్దుకొని తాగిన" అంది.

మేకల టీకా సీసా అని చెప్పనా వద్దా అని చూస్తున్నాను. ఆమె నాలుక చప్పరించి, "అయితే ఏందే, గంగ నీళ్ళ లెక్క లేవు. జెర ఉప్పగున్నయ్" అంది.

నేను సీసా లాక్కుని ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. నిజంగానే ఉప్పగా ఉన్నాయి! ఉప్పుతో పాటు ఇంకేదో, పాత ఇనుము రుచి. సార్‌కు ఫోన్ చేశాను. పుస్తకం రేపోమాపో ప్రెస్‌కు వెళ్ళాలి. రెండు బొమ్మలూ పక్కపక్కనే వేయడానికి ఆయన ఇప్పటికే ఒప్పుకున్నారు. సంగతి చెప్పాను. "ఉప్పగానా?" అన్నారు. "మంచినీటి చేప కదమ్మా అది!" ఆ ఒక్క పేజీ ప్రెస్‌కు పంపకుండా ఆపేశారు.

అమ్మ క్షేమం. పైగా మోకాలు తేలికైందంటోంది, నమ్మకు. నా ఊపిరి ఎప్పటిలాగే ఉంది.

కానీ ఇల్మా, రంగు రాశావు, మచ్చలు రాశావు, మీసాలు రాశావు. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఒక్కసారీ ఎందుకు రాయలేదు? ఊట నోటి దగ్గర ఎక్కువ ఉప్పా, మడుగు దగ్గరా? వాగులో ఎలా ఉంటాయి? మూడు చోట్లా రుచి చూడు. చేప ఎక్కడ ఎక్కువసేపు ఆగుతుందో కూడా చూడు. ముందు స్వెటర్ వేసుకో.

సుకన్య